సిస్సింగ్‌హర్స్ట్ తోటను జూన్‌లో ఎలా చూడాలి?

ఇంగ్లండ్‌లో తొలి వేసవి అంటే మనకు రోహిణి కార్తె దిగి మృగశిర వచ్చే రోజులు. లండన్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దవాళ్లకు ఒక్క తోటే చూపించగలిగితే, కెంట్ కౌంటీలోని సిస్సింగ్‌హర్స్ట్ చూపించండి. ఎలిజబెత్ కాలపు పెద్ద భవనం చాలావరకు పోయి, ఒక బురుజూ కొన్ని ఇటుక కట్టడాలూ మిగిలిన చోట, 1930లో రచయిత్రి వీటా సాక్‌విల్-వెస్ట్, భర్త హెరాల్డ్ నికల్సన్ ఈ తోట మొదలుపెట్టారు. 1967 నుంచి చారిత్రక కట్టడాలు, తోటలు కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ దీన్ని చూసుకుంటోంది.

1. తేదీ ఎంచుకోండి

ఇక్కడి పాతరకం గులాబీల్లో ఎక్కువ భాగం ఏడాదికి ఒక్కసారే పూస్తాయి. జూన్ రెండో వారం నుంచి నెలాఖరు దాకా వాటి కాలం. ఆగస్టులో వెళ్తే ఆకులే మిగులుతాయి. వారం మధ్యలో వెళ్లడం మేలు. తెరిచే వేళలు ముందురోజు వెబ్‌సైట్లో చూసుకోండి. నేషనల్ ట్రస్ట్ సభ్యులకు ప్రవేశం ఉచితం, కానీ కొడుకు కార్డు మీద అమ్మానాన్నలు లోపలికి వెళ్లలేరు.

2. ప్రయాణం

లండన్‌లోని చేరింగ్ క్రాస్ లేదా లండన్ బ్రిడ్జ్ స్టేషన్ నుంచి స్టేపుల్‌హర్స్ట్‌కు రైల్లో గంట ప్రయాణం. అక్కడి నుంచి సుమారు 9 కిలోమీటర్లు. చిన్న స్టేషన్, బయట ట్యాక్సీలు బారులు తీరి ఉండవు. పోను, రాను రెండూ ముందే బుక్ చేసుకోండి. బస్సు సిస్సింగ్‌హర్స్ట్ ఊళ్లో దింపుతుంది, ఆపైన మైలుకు పైగా నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ దారి వద్దు.

3. సంచిలో ఏం పెట్టుకోవాలి

పల్చటి స్వెటర్, రెయిన్‌కోట్. గొడుగు కన్నా కోటే నయం. దారులు ఇరుకు, గొడుగు అంచు పూలను రాస్తుంది. తడిసిన ఇటుక జారుతుంది కాబట్టి రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి. జూన్‌లో అక్కడ గడ్డి పుప్పొడి ఎక్కువ. తుమ్ములు, కళ్ల దురద వచ్చేవాళ్లు డాక్టరు చెప్పిన మాత్ర మరవొద్దు. పులిహోర తెచ్చుకోవచ్చు గానీ తినేది తోట గోడల బయటే.

4. ముందు బురుజు ఎక్కండి

చాలామంది నేరుగా పూల దగ్గరికి పోయి, మలుపుల్లో దారి తప్పి, చూసిందే మళ్లీ చూస్తారు. 78 మెట్లెక్కి పైనుంచి చూస్తే గుట్టు తెలుస్తుంది. యూ అనే సతతహరిత చెట్ల కంచెలు, ఇటుక గోడలతో తోటను గదులు గదులుగా విడగొట్టారు. గీతలు గీసింది హెరాల్డ్, వాటిని మొక్కలతో నింపింది వీటా. మెట్లు ఇరుకైనవి, మెలికలు తిరుగుతాయి. ఎక్కలేనివాళ్లు కింద తోట పటం చూసుకుంటే చాలు.

5. గులాబీ తోటలో పూలే కాదు, కొమ్మలూ చూడండి

పొద చుట్టూ హేజెల్ అనే చెట్టు పుల్లలను విల్లులా వంచి నేలలో గుచ్చి, పొడుగు కొమ్మలను వాటికి కట్టి ఉంచుతారు. నిటారుగా వదిలేస్తే కొన మొగ్గే బలం లాక్కుంటుంది, పూలు పైనే పూస్తాయి. కొమ్మను వంచితే పొడుగునా పక్క మొగ్గలు చిగురించి, ప్రతిదీ పూల రెమ్మవుతుంది. మన మేడ మీద తీగ గులాబీకీ ఈ కిటుకు పనిచేస్తుంది. అయితే ముదురు కొమ్మ విరుగుతుంది, లేతదాన్నే వంచాలి.

లైమ్ వాక్ అనే చెట్ల బాట వసంతానిది. జూన్‌లో దాని కోసం ఆగనక్కర్లేదు.

6. తెల్లతోట చివరికి

1950 ప్రాంతంలో వేసిన ఈ గదిలో తెల్ల పూలు, వెండి రంగు ఆకులే. సందెవెలుగును తలుచుకుని నాటిన తోట ఇది. మిట్టమధ్యాహ్నం కళ్లు చెదురుతాయే తప్ప రంగులు తెలియవు. మూసేముందు, లేదా మబ్బు పట్టినప్పుడు వెళ్లండి. ఫోన్‌లో తెల్ల రేకులు సున్నం పూసినట్టు వస్తే, పువ్వు మీద వేలు నొక్కి వెలుతురు తగ్గించండి. నడుమ పందిరికి అల్లుకున్న తెల్ల గులాబీ జూన్ చివరికి గానీ విచ్చుకోదు.

పూజకో జడకో ఒక్క పువ్వు కోద్దామన్న చేతిని ఆపుకోవాలి. మర్యాద సంగతి అటుంచి, ఇలాంటి తోటల్లో విరివిగా ఉండే ఫాక్స్‌గ్లవ్ విషపు మొక్క. పిల్లలను కనిపెట్టి ఉండండి.

7. దుకాణంలో

మొక్కలు అమ్ముతారు. లండన్ ఇంటి పెరటికైతే కొనండి. ఇండియాకు తేవాలంటే ముందస్తు దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. లేకుంటే విమానాశ్రయంలోనే పట్టేస్తారు. విత్తనాల పొట్లం కదా అని సూట్‌కేసులో పడేసుకోవద్దు, వాటికీ కాగితాలు కావాలి.