పిల్లలతో, ఊరివాళ్లతో కలిసి రీసెర్చ్ ఎలా చేయాలి? సంతకం ఒక్కటే చాలదు

ఊళ్లోకి నలుగురు మెడలో ఐడీ కార్డులేసుకుని, చేతిలో ఫైళ్లు పట్టుకుని దిగితే జనానికి వచ్చే మొదటి డౌటు ఒక్కటే, ఇది ఏ స్కీం గురించి అని. మా టీమ్ ఒకసారి ఒక హైస్కూల్లో అరగంట సేపు పిల్లలకి మేమెవరం, ఎందుకొచ్చాం, మీ ఇష్టం ఉంటేనే మాట్లాడండి అని చక్కగా చెప్పి, చివర్లో ఒక ఎనిమిదో క్లాసు అబ్బాయిని పిలిచి "ఇంటికెళ్లి మీ అమ్మకి ఏం చెప్తావ్ మా గురించి?" అని అడిగితే వాడు ఏమాత్రం తడుముకోకుండా "స్కాలర్‌షిప్‌కి పేర్లు రాసుకోడానికొచ్చారని చెప్తా అక్కా" అన్నాడు. అప్పటికే క్లాసు మొత్తం ఫారాల మీద సంతకాలు పెట్టేసింది, అన్నీ చించేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం.

పార్టిసిపేటరీ రీసెర్చ్ అంటే మామూలు సర్వే కాదు. ఏం అడగాలి, ఎలా అడగాలి, వచ్చిన జవాబులకి అర్థమేంటి అనేది ఊరివాళ్లే, పిల్లలే మనతో కూర్చుని తేల్చడం. వినడానికి బాగుంటుంది గానీ తప్పు చేసే ఛాన్స్ సర్వేలో కంటే ఇందులోనే ఎక్కువ, ఎందుకంటే సర్వేలో మనిషి దూరంగా ఉంటాడు, ఇందులో మనల్ని నమ్మి లోపలి విషయాలు చెప్తాడు. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) స్టూడెంట్స్, ఎన్జీవో వాళ్లు, కొత్తగా ఫీల్డ్‌కి వెళ్లేవాళ్లు ఎవరైనా సరే, నేను వెళ్లే వరసలోనే రాస్తున్నా.

ముందు మీకు మీరే అడగాల్సింది: పిల్లలు నిజంగా కావాలా, ఫోటోకి కావాలా?

రోజర్ హార్ట్ అనే ఆయన 1992లో యునిసెఫ్ కోసం రాసిన ఒక చిన్న వ్యాసంలో పిల్లల భాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనగా చూపించాడు. కింది మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కాదంటాడు: పిల్లల్ని మన అవసరానికి వాడుకోవడం, అలంకారానికి నిలబెట్టడం, పేరుకి కూర్చోబెట్టడం. మనకి ఇది కొత్తగా నేర్పక్కర్లేదు, కలెక్టర్ గారొస్తున్నారంటే పిల్లల చేతికి పూలబొకేలిచ్చి రెండు గంటలు ఎండలో నిలబెట్టిన బడులు చూశాం కదా. మీ ప్రాజెక్టులో పిల్లలు ఏ ఒక్క విషయాన్నైనా మార్చగలరా లేదా చూసుకోండి. ప్రశ్నలు ఫిక్సు, టూల్స్ ఫిక్సు, రిపోర్టు డేట్ ఫిక్సు అయితే అది మామూలు సర్వే, దాన్ని సర్వే అనే పిలవండి, అందులో తప్పేం లేదు. పేరు మార్చి గొప్పగా చెప్పుకోవడమే తప్పు.

ఒకసారి ఖాళీ చేతులతో వెళ్లండి

ఫారం, ట్యాబ్, రికార్డర్ ఏదీ లేకుండా వెళ్లి టీ కొట్టు దగ్గరో బోరింగు దగ్గరో కూర్చుని వాళ్లకి ఏది తలనొప్పిగా ఉందో వినండి. మీ ప్రశ్న వాళ్ల ప్రశ్న ఒకటి కాకపోవచ్చు, అప్పుడే తెలుస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతులే భూగర్భజలం కొలుచుకునే ప్రాజెక్టు ఒకటి 2000ల్లో అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, ప్రకాశం లాంటి ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచి, వాన లెక్క రాసి, ఆ అంకెలు ఊళ్లోనే అందరికీ కనపడేలా బోర్డుల మీద పెట్టి, ఈ సీజన్‌లో ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంటకి ఎన్ని కావాలి అని లెక్క వేసుకునేవాళ్లు. అది అలా నడవడానికి కారణం సింపుల్, నీళ్లు ఎండిపోతున్నాయన్న భయం ముందు రైతుది, ఆఫీసుది తర్వాత.

పర్మిషన్ వేరు, ఒప్పుకోలు వేరు

ఎక్కువమంది జారిపడేది ఇక్కడే కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా. సర్పంచ్ గారు, హెడ్‌మాస్టరు, వార్డెన్, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసరు, వీళ్లు ఇచ్చేది గేటు లోపలికి రావడానికి పర్మిషన్ మాత్రమే. పిల్ల తరఫున "సరే" అనే హక్కు వాళ్లకి లేదు.

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసే ప్రాజెక్టు ఒకటి నడిచింది, పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధనా మండలి), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. దాదాపు 14 వేలమంది పిల్లలు, చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న గొడవతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకి టీకాకి బహుశా సంబంధం లేదనే విచారణ కమిటీ తేల్చింది, టీకా కూడా ఇవాళ ప్రపంచమంతా వాడుతున్నదే, కాబట్టి దీన్ని చదివి ఎవరూ టీకా మానేయకండి దయచేసి. కానీ కాగితాలు చూస్తే వేరే కథ. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన రిపోర్టు ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 ఫారాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు, ఇంకో 1,948 మీద ఉన్నవి వేలిముద్రలు. అంటే అమ్మానాన్న గూడెంలో ఉన్నారు, పిల్ల హాస్టల్లో ఉంది, మధ్యలో వార్డెన్ పెన్ను తీసింది. అది పార్టిసిపేటరీ రీసెర్చ్ కాదు నిజమే, కానీ మనం చేసే పనిలో కూడా "మేడం సంతకం పెట్టేశారు కదా, చాలు" అనే మాట నేను ఇప్పటికీ వింటూనే ఉన్నా.

కాబట్టి మూడు వేర్వేరుగా తీసుకోండి: ఆఫీసు పర్మిషన్, తల్లిదండ్రుల ఒప్పుకోలు, పిల్లల సొంత ఒప్పుకోలు. ఐసీఎంఆర్ 2017 గైడ్‌లైన్స్ ఆరోగ్య పరిశోధనలకి రాసినవే అయినా ఈ లెక్క అందరికీ పనికొస్తుంది: పిల్లల సొంత ఒప్పుకోలు 7 నుంచి 12 ఏళ్ల వాళ్లయితే తల్లిదండ్రుల ముందు నోటిమాటగా, 12 దాటి 18 లోపు వాళ్లయితే వాళ్లకి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా. తల్లిదండ్రులు ఊళ్లో లేకపోతే ఆదివారం వాళ్లొచ్చే దాకా ఆగండి లేదా మీరే బస్సెక్కి గూడేనికి వెళ్లండి, ఖర్చు ముందే బడ్జెట్‌లో రాసుకోండి. మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ లెటరు కూడా అవసరమే, తీసుకోండి, కానీ ఆ లెటరు ఊళ్లో ఎవరినీ కాపాడదు.

పిల్లకి "వద్దు" అనడం నేర్పండి

మన పిల్లలకి పెద్దవాళ్లకి ఎదురు చెప్పొద్దనే నేర్పుతాం పుట్టినప్పట్నుంచి, అలాంటి పిల్లని పట్టుకుని "నీకిష్టమేనా అమ్మా?" అంటే ఆ అమ్మాయి ఏమంటుంది, తల ఊపుతుంది. ఆ ఊపుని ఒప్పుకోలు అని రాసుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

మేం చేసేది ఇది. మొదట ఒక ఆట, నేను ఏది అడిగినా "వద్దక్కా" అనాలి. చాక్లెట్ కావాలా? వద్దక్కా. సెలవు కావాలా? ఇక్కడ అందరూ నవ్వుతారు, ఒకరిద్దరు "కావాలి" అని అరుస్తారు, అయినా పది నిమిషాల్లో వద్దు అనే మాట నోటికి అలవాటవుతుంది. తర్వాత ఒక్కొక్కరికి ఎర్ర అట్టముక్క ఇస్తాం, మాట్లాడడం ఇష్టం లేనప్పుడు అది తిప్పి పెడితే చాలు, ఎందుకని ఎవరూ అడగరు. మొదటిసారి ఎవరో ఒకరు కావాలనే తిప్పి చూస్తారు, నిజంగా ఆపుతారా లేదా అని. వెంటనే ఆపండి, అది మీకు పరీక్ష. ఆ తర్వాత పైన చెప్పిన పాత ప్రశ్న, ఇంటికెళ్లి అమ్మకి ఏం చెప్తావ్. జవాబులో స్కాలర్‌షిప్, పెన్షన్, ఇల్లు లాంటి మాట వచ్చిందంటే మళ్లీ మొదలుపెట్టాల్సిందే. టీచరు, వార్డెన్ గదిలో ఉంటే ఇదంతా దండగ, "మేడం, మీరు కొంచెం బయట కూర్చుంటారా, తలుపు తెరిచే ఉంచుతాం" అని మర్యాదగా అడగండి.

ఇంకోటి, ఒక్కసారి అడిగి వదిలేయొద్దు. యంగ్ లైవ్స్ అనే స్టడీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి దాదాపు 3 వేలమంది పిల్లల్ని వాళ్లు పెద్దయ్యేదాకా ఫాలో అయ్యింది. అన్నేళ్లు తిరిగేవాళ్లు ఎనిమిదేళ్లప్పుడు సరే అన్న పిల్ల పదిహేనేళ్లకీ సరే అంటుందని అనుకోకూడదు కదా, ప్రతిసారీ అడగాలి. మీది మూడు నెలల పనే అయినా సరే, వెళ్లిన ప్రతిసారీ అడగండి.

చోటు, టైము

రామాలయం అరుగు మీద మీటింగ్ పెడితే ఎస్సీ కాలనీ పిల్లలు రారు, వచ్చినా ఒక పక్కన నిలబడతారు, మన నోట్సులో మాత్రం "గ్రామ పిల్లలందరూ పాల్గొన్నారు" అని పడుతుంది. చోటు పిల్లల్నే అడగండి, రెండు మూడు చోట్ల విడివిడిగా పెట్టండి. ఆడపిల్లలకి చీకటి పడకముందే అయిపోవాలి. పెద్దవాళ్లని ఉపాధి హామీ పని టైములో పిలవొద్దు.

ముగ్గు మ్యాపు, నేను చేసిన తప్పు

ఊరి మ్యాపు గీయడానికి ముగ్గుపిండి, లెక్కకి చింతగింజలు, ఇంతకంటే మంచి టూల్ లేదు నా దృష్టిలో, చదువు రాని ముసలమ్మ కూడా వంగి "ఇది తప్పు, చెరువు ఇటుంది" అని దిద్దుతుంది. ఒక ఊళ్లో తొమ్మిది, పది చదివే ఆడపిల్లలు స్కూలుకి వెళ్లే దారి గీసి, భయమేసే చోట గింజలు పెట్టమంటే ఒక మలుపు దగ్గర కుప్ప పోసేశారు. అక్కడ బెల్టు షాపుంది. ఒకమ్మాయి అందరూ పెట్టాక మళ్లీ వచ్చి, నోరు విప్పకుండా ఇంకో మూడు గింజలు పెట్టి వెళ్లింది.

నేను ఫోటో తీశా, మొహాలేం లేవు, ముగ్గు, గింజలు, అంచున ఒక చెయ్యి, ఆ చేతికి ఆకుపచ్చ గాజులు. ఉత్సాహంలో లోకల్ వాలంటీర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేశా. రాత్రి తొమ్మిదికల్లా అది షాపతని ఫోన్లో ఉంది, తెల్లారేసరికి గాజుల చెయ్యి ఎవరిదో ఊరంతా తెలిసిపోయింది, వాళ్ల నాన్న అక్కడే అప్పు మీద తాగుతాడట. ఆ పిల్లకి ఏమైందో మొత్తం ఇక్కడ రాయను, రెండు వారాలు బడికి రాలేదని మాత్రం చెప్తా. పేరు తీసేస్తే గుర్తుపట్టరు అనేది సిటీ వాళ్ల భ్రమ, రెండొందల ఇళ్ల ఊళ్లో గాజుల రంగు చాలు.

అందుకే ఇప్పుడు రూలు: మ్యాపుని పిల్లలే నోట్‌బుక్‌లో ఎక్కిస్తారు, ఇళ్ల గుర్తులు లేకుండా, ఆ తర్వాత వాళ్లే చీపురు తెచ్చి ముగ్గు ఊడ్చేస్తారు, మేం వెళ్లేముందే. ఫోటో తీయాలంటే తీశాక వాళ్లకి చూపించి ఉంచాలా తీసేయాలా అడుగుతాం. రిపోర్టులో ఊరి పేరు కూడా మారుస్తాం. రికార్డింగులు సొంత ఫోన్లో ఉండవు, ఎప్పుడు డిలీట్ చేస్తామో ముందే చెప్తాం. 2023 డేటా చట్టం (డిజిటల్ వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం) ప్రకారం 18 లోపు వాళ్లందరూ పిల్లలే, వాళ్ల వివరాలు ఆన్‌లైన్ ఫారంలో తీసుకునేముందు మీ సంస్థ లాయరుని ఒకసారి అడగండి.

"ఎవరికీ చెప్పను" అని మాటివ్వొద్దు

ఇది నోరు జారి అందరూ అనే మాట. కానీ 18 లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని మనకి తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే మన మీదే కేసు. కాబట్టి మొదట్లోనే చెప్పండి, "నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పం, కానీ నీకు గానీ ఇంకో పిల్లకి గానీ ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం సాయం చేసేవాళ్లకి చెప్పాల్సి వస్తుంది, ముందు నీకు చెప్పే చేస్తాం" అని. దీని వల్ల కొందరు కొన్ని విషయాలు చెప్పరు, చెప్పకపోనీ, అది వాళ్లు తెలిసి తీసుకున్న నిర్ణయం. ఇంకో చిక్కు, చట్టం దృష్టిలో పదిహేడేళ్ల వాళ్ల ప్రేమ వ్యవహారం కూడా కేసు కిందకి రావొచ్చు, అందుకని మీ ప్రాజెక్టుకి అవసరం లేకపోతే ఆ ప్రశ్నలు అడక్కండి, ఊరికే తెలుసుకుందామని అసలే అడక్కండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు, దగ్గర్లో మాట్లాడదగ్గ కౌన్సిలర్ ఎవరో మొదటి రోజే కనుక్కుని జేబులో పెట్టుకుని దిగండి.

డబ్బులు

పెద్దవాళ్ల కూలి పోతే ఆ రోజు కూలి ఇవ్వండి, ముందే చెప్పండి. పిల్లలకి టిఫిను, బస్సు ఛార్జీ చాలు, పాల్గొనని పిల్లకి కూడా అదే టిఫిను పెట్టండి, లేకపోతే ఇడ్లీ కోసం సరే అంటారు. మీతో నెలల తరబడి పనిచేసిన పద్దెనిమిది దాటిన యువతకి మాత్రం పని లెక్కనే డబ్బివ్వాలి, సర్టిఫికెట్‌తో సరిపెట్టొద్దు. వాళ్లలో కొందరు రిపోర్టు మీద తమ పేరు ఉండాలంటారు, మనం గోప్యత అంటాం, ఇద్దరిదీ న్యాయమే. పేరేస్తే ఏం రావొచ్చో విడమరిచి చెప్పి నిర్ణయం వాళ్లకే వదిలేస్తున్నా నేను, ఇంకా పూర్తిగా తేల్చుకోలేదు.

రిపోర్టు ముందు ఊరికి

ప్రింటు కొట్టాక కాదు, డ్రాఫ్టుగా ఉన్నప్పుడే, పెన్సిలుతో వెళ్లండి. తెలుగులో, పెద్ద అక్షరాల్లో, రెండు పేజీలు మించకుండా. హైదరాబాద్‌లో సెమినార్ హాల్లో చూపించే ముందు ఊళ్లోవాళ్లు చూడాలి, ఇది తీసేయండి అంటే తీసేయాలి. మేం ఆ ముగ్గు ఊరికి అలా వెళ్తే ఆ పిల్లలు చార్టు చుట్టూ మూగి, కాలనీ నుంచి స్కూలుకి మేం రాసిన దూరం తప్పన్నారు, మీరు మెయిన్ రోడ్డు మీద బండిలో కొలిచారు, మేం ఆ మలుపు తప్పించుకోడానికి ఇప్పుడు చెరువు కట్ట మీదుగా తిరిగి వస్తున్నాం, ఇంకో కిలోమీటరు కలపండక్కా అన్నారు. కలిపాం.