కిడ్నీ రిపోర్టు మనమే చదువుకుందాం – 4వ పాఠం: కొవ్వుల కాగితం

ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె) 42 ఉంటే కిడ్నీ జబ్బు ఏ దశ అని పోయిన పాఠంలో అడిగాను. ముందుగా దానికి జవాబు. ఈజీఎఫ్ఆర్ 42 అంటే 3బి దశ. 3ఏ అని రాసుకున్నవాళ్లు 45 దగ్గర గీత ఉందని, దానికి కిందుంటే 3బి అని మళ్లీ చూసుకోండి. ఈసారి లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష పట్టుకుందాం.

మునుగోడు వైపు ఉండే మా మేనమామ కాగితాన్నే ఉదాహరణగా పెడుతున్నాను, ఆయన సరేనన్నాడు. వయసు 58, ఈజీఎఫ్ఆర్ 42, షుగర్ ఉంది. కీళ్లనొప్పులకు ఏళ్ల తరబడి నొప్పి గోలీలు కొనుక్కొని మింగాడు. ఫ్లోరైడ్ నీళ్లతో ఒళ్లు పాడైన మా పల్లెల్లో ఈ అలవాటు ఇంకా పోలేదు. ఆ గోలీలు కిడ్నీని దెబ్బతీస్తాయని ఎన్ని పాఠాల్లోనైనా చెబుతాను.

డాక్టరు ఆయనకు అటోర్వాస్టాటిన్ రాశారు, ఇది కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం గోలీ. రెండు నెలల తర్వాత పరీక్ష చేయించుకొని, "కొలెస్ట్రాల్ నార్మలే వచ్చింది అల్లుడా, ఇంకెందుకు ఈ గోలీ?" అని మానేశాడు. నాకు చెప్పలేనంత టెన్షన్ పట్టుకుంది.

ఆ కాగితంలో మొత్తం కొలెస్ట్రాల్ 172, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే ఇంకో రకం కొవ్వు) 260, హెచ్‌డీఎల్ 31 అని ఉంది. అన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో. మామ మొదటి అంకె చూసి, 200 లోపే కదా అని కాగితం మడిచేశాడు. కిడ్నీ జబ్బులో అసలు కథ తర్వాతి రెండు అంకెల్లో ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లను మోసుకెళ్లే రేణువులను కరిగించడానికి రక్తనాళాల్లో లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. కిడ్నీ పని తగ్గినకొద్దీ అది మందగిస్తుంది. కరగాల్సిన కొవ్వు రక్తంలోనే తిరుగుతుంది, మంచి కొలెస్ట్రాల్ అనుకునే హెచ్‌డీఎల్ పడిపోతుంది. చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ అంకె మామూలుగానే కనిపించినా, దాని రేణువులు చిన్నవిగా, చిక్కగా మారి రక్తనాళాల గోడల్లోకి సులువుగా దూరతాయి. మూత్రంలో ప్రోటీన్ బాగా పోయేవాళ్ల సంగతి వేరు. వాళ్ల లివర్ కొవ్వు రేణువులను ఎక్కువగా తయారుచేస్తుంది కాబట్టి మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్ కూడా ఎగబాకుతాయి.

ఇప్పుడు పెన్ను తీసుకోండి. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే నాన్ హెచ్‌డీఎల్ వస్తుంది: 172 – 31 = 141. నాళాల్లో పేరుకునే రకాలన్నీ ఈ ఒక్క అంకెలో ఉంటాయి, అందుకే నేను ముందు దీన్నే లెక్కేస్తాను. ఎల్‌డీఎల్ కావాలంటే ఇందులోంచి ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు తీసేయాలి: 141 – 52 = 89. చాలా ల్యాబ్‌లు ఎల్‌డీఎల్‌ను విడిగా కొలవవు, ఇలాగే లెక్కగట్టి రాస్తాయి. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క నమ్మకూడదు.

పొద్దున్నే ఊరినుంచి బస్సెక్కి వచ్చి, నల్లగొండ బస్టాండులో చక్కెర చాయ్ తాగి రక్తం ఇచ్చేవాళ్లున్నారు. దాంతో ట్రైగ్లిజరైడ్లు పెరిగి కనిపించవచ్చు. పరగడుపున రమ్మంటే 10–12 గంటలు ఏమీ తినకుండా రావాలి, మంచినీళ్లు తాగొచ్చు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ముందే డాక్టరును అడగాలి. రోజూ తాగే కల్లు, మద్యం కూడా ఆ అంకెను పైకి నెడతాయి.

ఇక గోలీ సంగతి. "మామా, ఆ 172 గోలీ వేసుకుంటుంటే వచ్చిందే కదా" అన్నాను. అంతకన్నా పెద్ద మాట ఇంకొకటి ఉంది. 50 ఏళ్లు దాటి, ఈజీఎఫ్ఆర్ 60 లోపు ఉండి, డయాలసిస్‌కు వెళ్లనివాళ్లకు కొలెస్ట్రాల్ అంకె ఎంతున్నా స్టాటిన్ ఇవ్వాలని అంతర్జాతీయ కిడ్నీ సంస్థ కేడిగో 2013లో సూచించింది. ఎందుకంటే కిడ్నీ జబ్బే గుండెకు ముప్పు. 2011లో వెలువడిన షార్ప్ అధ్యయనంలో 9,000 మందికి పైగా కిడ్నీ రోగులను చూశారు. సిమ్వాస్టాటిన్‌తో పాటు ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ గోలీ వాడినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు ఆరో వంతు తగ్గాయి. డయాలసిస్ మొదలయ్యాక కొత్తగా స్టాటిన్ పెడితే అలాంటి మేలు స్పష్టంగా కనబడలేదు. అప్పటికే వాడుతున్నవాళ్లను మాత్రం కొనసాగించమంటారు. కాబట్టి పక్కింటాయన మానేశాడని మీరు మానకండి, కండరాల నొప్పి వస్తే డాక్టరుకు చెప్పండి. మామ మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లి మొదలుపెట్టాడు.

ఇంటి లెక్క: మొత్తం 190, ట్రైగ్లిజరైడ్లు 210, హెచ్‌డీఎల్ 34. నాన్ హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్ రెండూ కట్టండి. ఇంకో కాగితంలో మొత్తం 230, ట్రైగ్లిజరైడ్లు 450, హెచ్‌డీఎల్ 36. ఇందులో ఏ అంకె కట్టొచ్చు, ఏది కట్టకూడదు?