గుండు చేయించుకునే ముందు తలలో పుట్టుమచ్చ ఉందేమో చూసుకోండి

తిరుమల మొక్కుకు బయల్దేరే ముందురోజు ఇంట్లో ఎవరితోనైనా తలకు నూనె రాయించుకోండి. పాయలు తీసి, వేళ్లతో తడిమి చూడమనండి. ఉబ్బెత్తుగా తగిలేది పుట్టుమచ్చ కావచ్చు. చాలామందికి అది ఉన్న సంగతి బ్లేడు తగిలి రక్తం కారాకే తెలుస్తుంది. మచ్చ ఉంటే పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోన్‌లో ఫొటో తీసుకోండి, తర్వాత ఎప్పుడైనా పెరిగిందో లేదో పోల్చుకోవచ్చు. పుట్టువెంట్రుకలు తీయించే పసివాళ్ల తల మరీ శ్రద్ధగా చూడండి, వాళ్లు చెప్పలేరు కదా.

కల్యాణకట్టలో తల తడపకముందే మచ్చ మీద వేలు పెట్టి చూపించండి: "అన్నా, ఇక్కడ మచ్చ ఉంది, బ్లేడు తగలనివ్వకు." దాని చుట్టూ నాలుగు వెంట్రుకలు మిగిలినా మొక్కుకేమీ లోటు రాదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే డాక్టరును అడగండి, సొంతంగా మందు ఆపొద్దు.

ఒకవేళ తెగితే టెన్షన్ పడకండి. తలకు రక్తప్రసరణ ఎక్కువ, చిన్న గాటుకే ధారగా కారుతుంది. శుభ్రమైన గుడ్డ మడిచి పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టండి. ఆగిందా లేదా అని మధ్యలో ఎత్తి చూస్తే గడ్డకట్టేది కాస్తా చెదిరిపోతుంది. ఆగాక సబ్బునీళ్లతో కడిగి, కాస్త వాజ్‌లైన్ రాసి, పైన బ్యాండేజీ వేయండి. పసుపు, కాఫీపొడి అద్దొద్దు. గుండుకు చందనం రాసుకున్నా గాటు మీద వద్దు. కోనేటి స్నానం కూడా మానేదాకా ఆపండి. నొక్కినా ఆగకపోతే కొండమీదే అశ్విని ఆసుపత్రి ఉంది. ధనుర్వాతం రాకుండా వేసే టీటీ ఇంజెక్షన్ అవసరమేమో అక్కడే అడగండి.

మచ్చ సగం తెగి వేలాడుతుంటే లాగేయకండి. మచ్చ రాలిపోవాలని ఊళ్లలో దారం కట్టడం, సున్నం, సోడా కలిపి పెట్టడం, జీడిరసం అంటించడం ఇంకా చేస్తున్నారు. దయచేసి వద్దు. చర్మం కాలి పుండవుతుంది, పైగా అది ఎలాంటి మచ్చో పరీక్షించడానికి డాక్టరుకు ఏమీ మిగలదు.

తెగినంత మాత్రాన మచ్చ క్యాన్సర్‌గా మారదు. దెబ్బ తగలకుండానే రక్తం వచ్చినా, రెండు మూడు వారాలైనా మానకపోయినా, రంగో అంచులో మారుతున్నా, 6 మిల్లీమీటర్లు దాటి పెరుగుతున్నా చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. మనవాళ్లలో ప్రమాదకరమైన మచ్చలు అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద కూడా వస్తాయి, అవీ చూసుకోండి. డాక్టరు మచ్చ తీసేస్తే ఆ ముక్కను బయాప్సీకి (క్యాన్సర్ ఉందేమో చూసే ల్యాబ్ పరీక్షకు) పంపమని మీరే అడగండి.