మహిళల గోల్ఫ్ టూర్‌కి ఒక ఖాతా పుస్తకం పెట్టండి

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ షాపులో 17 ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. గోల్ఫ్ కర్ర ఎప్పుడూ పట్టలేదు. 2021 ఆగస్టు 7న తెల్లవారుజామునే మా తమ్ముడి కూతురు ‘అత్తా, లే’ అంటూ నన్ను టీవీ ముందు కూర్చోబెట్టింది. టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ ఆఖరి రౌండ్ ఆడుతోంది. నాలుగు రోజుల్లో 67, 66, 68, 68 దెబ్బల్లో ముగించింది. ఈ ఆటలో ఎంత తక్కువైతే అంత మేలు. ఒక్క షాట్ తేడాతో పతకం చేజారి నాలుగో స్థానంలో ఆగింది. ఆ ఒక్క షాట్ నన్ను చాలా రోజులు వదల్లేదు. ఈ అమ్మాయి ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతికితే, 13 ఏళ్లప్పుడు, 2011లోనే, మన దేశంలో జరిగే మహిళల ప్రొఫెషనల్ టూర్‌లో అమెచ్యూర్‌గా, అంటే బహుమతి డబ్బు తీసుకోని ఆటగత్తెగా, ఒక పోటీ గెలిచిందని తెలిసింది. అప్పటి నుంచి ఆ టూర్‌కి ఏటా ఒక పుస్తకం పెడుతున్నాను. మీరూ పెట్టుకోవచ్చు.

ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు. ముందు సగం చిట్టా, వెనక సగం ఖాతాలు. టూర్‌లో ఒక్కో పోటీని ‘లెగ్’ అంటారు. లెగ్‌కి ఒక పేజీ ఇవ్వండి. పైన ఊరు, క్లబ్బు, పార్ ఎంతో రాయండి. పార్ 72 అంటే 18 హోల్స్‌కి, అంటే బంతి వేయాల్సిన గుంతలకి, కలిపి 72 దెబ్బల్లో ముగించాలని లెక్క. 70 కొడితే రెండు తక్కువ, 75 కొడితే మూడు ఎక్కువ. ఒక హోల్‌లో పార్ కంటే ఒకటి తక్కువైతే బర్డీ, ఎక్కువైతే బోగీ. మామూలు లెగ్ మూడు రౌండ్లు, అంటే 54 హోల్స్. స్కోర్లు విమెన్స్ గోల్ఫ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో చూసి, ఏ రోజుది ఆ రోజే రాసేయండి. బాకీ పెట్టుకుంటే మూడో లెగ్‌కల్లా పుస్తకం మూలన పడుతుంది.

అసలు పని ఖాతాల్లో ఉంది. చిట్టాలో గెలిచినవాళ్లే కనిపిస్తారు. ఒక్కో అమ్మాయికి ఒక్కో పేజీ ఇస్తే సీజన్ కనిపిస్తుంది. ఒకరి పేజీలో 71, 78, 72 అని ఉందనుకోండి. ఆ 78 చూసి ఆట పాడైందని వెంటనే తేల్చకండి. తేజ రకం మిర్చి ధర పడిందంటే మన షాపులోనే పడిందా, యార్డంతా పడిందా అని చూస్తాం కదా, అలాగే ఆ రోజు అందరి సగటు ఎంతో పక్కనే రాయండి. సగటు 77 అయితే, గాలి వల్లో పిన్‌లు (గుంతల్లో నిలిపే జెండా కర్రలు) కష్టమైన చోట పెట్టడం వల్లో అందరూ ఇబ్బంది పడ్డారన్నమాట. సగటు 73 అయితే ఆ అమ్మాయికే ఏదో జరిగింది. సగటు గడి పెట్టిన సంవత్సరమే నాకు ఈ ఆట అర్థమైంది.

డబ్బు లెక్కలో రెండు సంగతులు తెలియాలి. ఇద్దరు రెండో స్థానంలో సమానమైతే రెండో, మూడో బహుమతులు కలిపి చెరి సగం ఇస్తారు. ఉదాహరణకి లక్ష, ఎనభై వేలు అయితే ఒక్కొక్కరికి తొంభై వేలు. అమెచ్యూర్ గెలిస్తే ట్రోఫీ ఆమెదే, మొదటి బహుమతి డబ్బు మాత్రం ప్రొఫెషనల్స్‌లో ముందున్నవాళ్లకి వెళ్తుంది. ఆఖరి రౌండ్‌కి ముందు స్కోరులో వెనకబడినవాళ్లని ఆపేస్తారు, దాన్నే కట్ అంటారు. కట్ తప్పినవాళ్లకి ఏమీ రాదు. ఆ గడిలో సున్నా వేయండి, ఖాళీగా వదలకండి. రైలు, గది, కేడీ (కర్రల సంచి మోసే మనిషి) ఖర్చులు పెట్టుకుని వచ్చి సున్నాతో వెళ్లిన వారం అది. ఆ సున్నాలు రాసేటప్పుడు నాకు కష్టంగానే ఉంటుంది.

అసలు ఆడని వారానికి మాత్రం గీత పెట్టండి. పేరున్నవాళ్లు చాలామంది యూరప్ టూర్‌కి వెళ్తుంటారు. ఎడమచేతి వాటం దీక్షా డాగర్ 2019లో సౌతాఫ్రికన్ ఓపెన్, 2023లో చెక్ ఓపెన్ గెలిచింది ఆ టూర్‌లోనే. గురుగ్రామ్‌లో జరిగే విమెన్స్ ఇండియన్ ఓపెన్‌కి విడిగా పేజీ పెట్టండి. అది నాలుగు రౌండ్లది, యూరప్ వాళ్లూ వస్తారు. 2016లో అదితి గెలిచింది అదే.

హైదరాబాద్‌లో లెగ్ పడితే తప్పకుండా వెళ్లండి. విజయవాడ నుంచి 275 కిలోమీటర్లు. లోపలికి రానిస్తారా అని క్లబ్బుకి ముందే ఫోన్ చేయండి. ఎత్తు మడమలు లేని బూట్లు వేసుకుని, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. ఆడేవాళ్లు బంతి ముందు నిలబడగానే కదలకండి. నేను వెళ్లినప్పుడు ఒకమ్మాయి నాలుగడుగుల పట్ (బంతిని గుంతలోకి మెల్లగా దొర్లించే దెబ్బ) కోసం గొంతుక్కూర్చుని గడ్డి వాలు చూసింది. లేచింది, మళ్లీ కూర్చుంది. బంతి గుంత అంచున సగం తిరిగి బయటే ఆగింది. టోపీ సరిచేసుకుని పక్కకి జరిగి, తర్వాతి అమ్మాయికి దారి ఇచ్చింది. ఇంటికొచ్చాక ఆమె పేజీ తీస్తే ఆ రోజు స్కోరు 74. కట్ ఒక్క షాట్‌లో పోయింది.

ఆఖరి లెగ్ అయ్యాక ఒక్కో ఖాతా కూడి, టూర్ వాళ్ల ఆర్డర్ ఆఫ్ మెరిట్‌తో, అంటే సీజన్‌లో ఎవరు ఎంత గెలిచారో చూపే పట్టికతో, సరిచూడండి. తేడా వస్తే ముందు టై అయిన చోట వెతకండి, తప్పు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. కొత్త పుస్తకం కొనగానే పాత పేర్లన్నీ ఎక్కించండి, సున్నాలే మిగిలినవాళ్లవి కూడా. చివర్లో ఓ పది పేజీలు వదిలేయండి. ఏటా కొత్త అమ్మాయిలు ప్రొఫెషనల్స్ అవుతారు, వాళ్లకి కావాలి.