ది థర్డ్ మ్యాన్ కొత్త డిస్క్: ఏ తేడా టీవీది, ఏది సినిమాది?

యుద్ధం ముగిసిన వియన్నా, నాలుగు దేశాల సైన్యాల కాపలా, కల్తీ పెన్సిలిన్ దందా. కరోల్ రీడ్ 1949లో తీసిన ఈ బ్రిటిష్ క్రైమ్ సినిమాను స్టూడియోకెనాల్ అనే ఫ్రెంచ్ సంస్థ 2015లో 4కేలో పునరుద్ధరించింది. ఆ ప్రింటుతో వచ్చిన బ్లూ-రే గానీ, తర్వాతి 4కే డిస్క్ గానీ పెట్టినవాళ్లలో చాలామంది మొదటి పావుగంటలోనే రిమోట్ అందుకుంటారు. బొమ్మ వంకరగా ఉందంటారు, చుక్కలు చుక్కలుగా ఉందంటారు, శబ్దం ఒక్కచోటి నుంచే వస్తోందంటారు. వీటిలో కొన్ని టీవీ తెచ్చిపెట్టేవి. కొన్ని సినిమాకు పుట్టుకతో వచ్చినవి. మొదటి రకాన్ని సరిచేసుకోవాలి, రెండో రకం జోలికి పోకూడదు.

డిస్క్ అసలు ఆడటం లేదు

బ్లూ-రేలకు ప్రాంతాల వారీగా కోడ్ ఉంటుంది. బ్రిటన్‌ది బి, మన దేశానిది సి, అమెరికాది ఎ. లండన్‌లో ఉన్న చుట్టాల చేత తెప్పించుకున్న బి డిస్క్‌ను హైదరాబాద్‌లో కొన్న ప్లేయర్ తీసుకోకపోవచ్చు, డల్లాస్‌లో కొన్నదీ తీసుకోకపోవచ్చు. 4కే యూహెచ్‌డీ డిస్కులకు ఈ గొడవ లేదు, ఎక్కడిదైనా ఎక్కడైనా ఆడుతుంది. పెట్టెలో దానికి జతగా వచ్చే మామూలు బ్లూ-రేకు మాత్రం కోడ్ ఉండొచ్చు. కొనేముందు పెట్టె వెనక ఉన్న గుర్తు చూసుకోండి.

మామూలు బ్లూ-రే ప్లేయర్ 4కే డిస్క్‌ను చదవలేదు. విడిగా యూహెచ్‌డీ ప్లేయర్ లేకపోతే డిస్క్ డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ పనికొస్తాయి. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు: సినిమా చక్కగా ఆడి, అదనపు విశేషాలు నొక్కగానే తెర నల్లబడితే, అవి బ్రిటన్ పద్ధతిలో 50 హెర్ట్జ్‌లో ఉన్నాయని అర్థం. 50ని 60కి మార్చగల ప్లేయర్ కావాలి.

చీకటి సన్నివేశాల్లో అంతా నలుపే

ఈ సినిమాకు ఇది ప్రాణం మీదికి వచ్చే సమస్య. రాబర్ట్ క్రాస్కర్‌కు ఛాయాగ్రహణంలో ఆస్కార్ వచ్చింది ఈ రాత్రుల వల్లే. రాళ్లు పరిచిన వీధుల్ని నీళ్లతో తడిపి, ఆ తడి మీద దీపాలు మెరిసేలా తీశారు. పరీక్షకు ఒక్క సన్నివేశం చాలు. రాత్రిపూట ఒక గుమ్మంలో ఎవరో నిలబడి ఉంటారు, పిల్లి వచ్చి బూట్ల దగ్గర చేరుతుంది, ఎదురింటి కిటికీలోంచి వెలుగు పడి ముఖం బయటపడుతుంది. వెలుగు పడక ముందు ఆ బూట్ల మెరుపు తెలియాలి. పడ్డాక నల్ల కోటు అంచు వెనకున్న చీకటి నుంచి విడిగా కనిపించాలి. కోటు, తలుపు, గోడ కలిసి ఒకటే మసిముద్ద అయితే డిస్క్‌ను అనుమానించకండి.

ముందు చూడాల్సింది ప్లేయర్, టీవీ ఒకే మాట మీద ఉన్నాయా అన్నది. ప్లేయర్ ఆర్‌జీబీ 'ఫుల్' పంపుతుంటే, టీవీ 'లిమిటెడ్' అనుకుని తీసుకుంటే, ముదురు ఛాయలన్నీ కోసుకుపోతాయి. దీనికి ఉల్టా అయితే నలుపు బూడిద రంగులోకి తేలిపోతుంది. రెండు చోట్లా 'ఆటో' పెట్టండి, కుదరకపోతే రెండు చోట్లా 'లిమిటెడ్' పెట్టండి. తర్వాత టీవీలో 'డైనమిక్ కాంట్రాస్ట్', 'బ్లాక్ ఎన్‌హాన్సర్' లాంటివి ఉంటే అన్నీ ఆపేయండి.

హెచ్‌డీఆర్‌లో (వెలుగు చీకట్ల తేడాను పెంచి చూపే పద్ధతిలో) మాత్రమే మొత్తం బొమ్మ మసకగా ఉంటే కారణం వేరు. తక్కువ వెలుగిచ్చే టీవీ, ఎక్కువ వెలుగు కోసం తయారైన బొమ్మను తన శక్తికి కుదించుకుంటోంది. టీవీలో 'టోన్ మ్యాపింగ్' ఉంటే ఆన్ చేసి చూడండి, గదిలో లైట్లు తీసేయండి. అప్పటికీ బాగోలేకపోతే ప్లేయర్‌లో హెచ్‌డీఆర్ ఆపి మామూలుగానే చూడండి. బలహీనమైన హెచ్‌డీఆర్ కన్నా చక్కగా కుదిరిన మామూలు బొమ్మే మేలని నా నమ్మకం, నలుపు తెలుపు సినిమాకైతే మరీనూ.

బొమ్మ మీద ఇసక చల్లినట్టు చుక్కలు

అది గ్రెయిన్. ఫిల్మ్‌లోని వెండి రేణువులే బొమ్మగా మారాయి, వాటిని తీసేస్తే బొమ్మా పోతుంది. పైగా ఈ పునరుద్ధరణకు స్కాన్ చేసింది ఒరిజినల్ నెగటివ్‌ను కాదు, దాని నుంచి తీసిన ఫైన్ గ్రెయిన్ పాజిటివ్‌ను. ఒక తరం దాటిన ప్రతి కాబట్టి కొన్ని షాట్లలో రేణువు కొంచెం ముదురుగా ఉండటం సహజం. ఒక దృశ్యం ఇంకోదానిలోకి కరిగే చోట్ల బొమ్మ మెత్తబడుతుంది కూడా, ఎందుకంటే ఆ రోజుల్లో అలాంటి మార్పుల కోసం ఆ ముక్కను మళ్లీ కాపీ తీయాల్సి వచ్చేది.

టీవీలోని 'నాయిస్ రిడక్షన్' ఆన్‌లో ఉంటే చిన్నగా కదిలేదంతా దానికి మురికిగానే కనిపిస్తుంది. చివర్లో శ్మశానవాటిక పక్కన పొడవాటి చెట్ల బాట వస్తుంది చూడండి. అక్కడ రాలే ఆకులు అలుక్కుపోతుంటే ఆ సెట్టింగ్ పని చేస్తోందన్నమాట. ఆపేయండి. 'షార్ప్‌నెస్' కూడా తగ్గించండి. చాలా టీవీల్లో సున్నా దగ్గర, సోనీ టీవీల్లో 50 దగ్గర అది తటస్థంగా ఉంటుంది. ఎక్కువైతే టోపీల చుట్టూ, కిటికీ చట్రాల చుట్టూ తెల్లటి గీత వస్తుంది, గ్రెయిన్ గరుకుగా తేలుతుంది.

మనుషులు సీరియల్‌లోలాగా జారిపోతూ నడుస్తున్నారు

సెకనుకు 24 ఫ్రేములున్న సినిమాలో టీవీ తన సొంత ఫ్రేములు చొప్పిస్తోంది. మోషన్ స్మూతింగ్ ఆపండి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టింది, అది వెతుక్కోలేకపోతే 'ఫిల్మ్‌మేకర్ మోడ్' నొక్కండి.

నలుపు తెలుపు కాస్తా నీలంగా ఉంది

టీవీ 'కూల్' రంగులో ఉంది. 'వార్మ్'కు మార్చండి. మొదట పసుపుగా అనిపిస్తుంది, ఇరవై నిమిషాలకు కన్ను అలవాటు పడుతుంది. 'వార్మ్'లో కూడా ఆకుపచ్చ గానీ గులాబీ గానీ జీర కనిపిస్తే టీవీ వైట్ బ్యాలెన్స్ దారి తప్పింది. రంగుల సినిమాలో దాక్కునే ఈ లోపాన్ని ఈ డిస్క్ పట్టి ఇస్తుంది.

కెమెరా వంకరగా ఉంది, పక్కన నల్ల పట్టీలున్నాయి, జర్మన్ మాటలకు సబ్‌టైటిల్స్ లేవు

ఈ మూడింటికీ పరిష్కారం లేదు, అవసరమూ లేదు. వంకర కావాలని పెట్టిందే. ఆ ఊళ్లో ఎవరినీ నమ్మలేని మనిషి కంటికి వీధులు అలాగే ఆనతాయి. ఇది చూసిన తోటి దర్శకుడు విలియం వైలర్ ఒక రసమట్టం పంపాడని రీడే చెప్పుకునేవాడు.

పట్టీలకు కారణం బొమ్మ ఆకారం (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) 1.37:1 కావడం. 'జూమ్' నొక్కితే పైనా కిందా కలిపి దాదాపు పావు వంతు తెగిపోతుంది, సాగదీస్తే ముఖాలు వెడల్పవుతాయి.

ఇక జర్మన్. కథలోని అమెరికన్ రచయితకు ఆ భాష రాదు. ఇంటామె కేకలు అతనికి ఎంత అర్థమవుతాయో మనకూ అంతే అర్థం కావాలి. ఎక్కడి నుంచో సబ్‌టైటిల్ ఫైలు తెచ్చి అతికించేవాళ్లున్నారు. మొదటిసారి చూసేవాళ్లకు దయచేసి అది చేయకండి.

శబ్దం చుట్టూ రావడం లేదు, లేదా మాటలు బావిలోంచి వస్తున్నాయి

ఇది మోనో సినిమా. ముందు నుంచే రావాలి. మాటలు గుంయిమంటుంటే స్పీకర్లకు శబ్దం పంపే రిసీవర్‌లో 'హాల్', 'మూవీ' లాంటి మోడ్ ఉండి ఉంటుంది, 'డైరెక్ట్'కు మార్చండి. సినిమా మొత్తానికి అంటోన్ కరాస్ వాయించిన జితార్ అనే తీగల వాద్యం ఒక్కటే సంగీతం. తీగ మీటిన ప్రతి దెబ్బా విడిగా వినబడాలి, ప్రతిధ్వని కలిస్తే ఆ పదును చచ్చిపోతుంది.

పాత డీవీడీతో పోలిస్తే జితార్ శ్రుతి తగ్గింది, నిడివి పెరిగింది

తగ్గలేదు, పాత డీవీడీలోనే పెరిగి ఉంది. యూరప్ డీవీడీలు 24 ఫ్రేముల సినిమాను 25తో నడిపేవి. దాంతో 104 నిమిషాల సినిమా సుమారు 100కు కుదిరేది, ఒకటి శ్రుతిలోని పాట ఒకటిన్నరకు దగ్గరగా జరిగేది. కొత్త డిస్క్‌దే అసలు శ్రుతి.

మీ దగ్గరున్న కాపీ 93 నిమిషాలే ఉండి, మొదట్లో వ్యాఖ్యానం ఆ అమెరికన్ రచయితగా నటించిన జోసెఫ్ కాటన్ గొంతులో వినిపిస్తే అది అమెరికాకు కత్తిరించి పంపిన రూపం. బ్రిటిష్ రూపంలో ఆ గొంతు స్వయంగా రీడ్‌ది. పునరుద్ధరించింది దీన్నే.

మధ్యలో ఆగిపోతోంది

మెత్తటి పొడి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా తుడవొద్దు. ప్లేయర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. డిస్క్ మీద వేలిముద్ర ఉన్నా 4కే ప్లేయర్లు తడబడతాయి, ఎందుకంటే 4కే డిస్కుల్లో సమాచారం చాలా దట్టంగా ఉంటుంది. సినిమా ఆగిపోకుండా తెర మాత్రం నల్లగా మిణుకుతుంటే తప్పు కేబుల్‌ది. 18 జీబీపీఎస్ మోయగల హెచ్‌డీఎంఐ కేబుల్ వేయండి, మధ్యలో పాత రిసీవర్ ఉంటే దాన్ని తప్పించి ప్లేయర్‌ను నేరుగా టీవీకి కలిపి చూడండి. ఇవన్నీ చేశాక కూడా రెండు వేర్వేరు ప్లేయర్లలో సరిగ్గా అదే చోట ఆగితే అది ముద్రణ దోషం. ఆగిన నిమిషం, సెకను రాసుకుని, తెర ఫొటో జతచేసి అమ్మినవాళ్లను మార్పిడి అడగండి.