చేయి చాపితే చాలనుకున్నాను

48వ ఏట టాబ్లెట్ల స్ట్రిప్ మీద ఎక్స్‌పైరీ తేదీ చదవబోతే 3 కాస్తా 8లా కనిపించింది. చేయి చాపి పట్టుకుంటే సర్దుకుంది. ముందు ప్రింటును తిట్టుకున్నాను, తర్వాత ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకున్నాను. అలా రెండేళ్లు నెట్టుకొచ్చాను, ఒప్పుకోవడానికి నామోషీ!

కంటి పరీక్షలో తేలింది చత్వారమే. చిన్నప్పుడు మెత్తగా ఉండే కంటి కటకం దగ్గరి వస్తువు కోసం ఉబ్బుతుంది. వయసు పెరిగేకొద్దీ గట్టిపడి మొరాయిస్తుంది. 10 ఏళ్ల పిల్లలకు 7, 8 సెంటీమీటర్ల దూరంలోదీ స్పష్టంగా కనిపిస్తుంది. 50 ఏళ్లకు దాదాపు అర మీటరు కావాలి. కంటి వ్యాయామాలతో కటకం మళ్లీ మెత్తబడదు. నేనూ చేసి చూశాను లెండి.

చదవడానికి ప్లస్ 2 అద్దాలు రాశారు. పుస్తకం హాయిగా ఉంది కానీ కంప్యూటర్ తెర మసకబారింది. టేపుతో కొలిస్తే తెర 70 సెంటీమీటర్ల దూరంలో ఉంది, ఈ అద్దాలతో 50 దాటితే అలుక్కుపోతుంది. ఆ కొలత చెప్పి తెర కోసం ప్లస్ 1.25 విడిగా చేయించుకున్నాను.

సాయంత్రాలు మాత్రం ఇంకా ఇబ్బందే. వయసుతో కంటిపాప చిన్నదై లోపలికి వెళ్లే వెలుతురు తగ్గుతుందట. పుస్తకం పక్కన టేబుల్ ల్యాంప్ పెట్టాక 3 మళ్లీ 3లా కనిపిస్తోంది.