పాత జీపు స్టీరింగ్ విప్పే ముందు

పాత జీపు కొన్నవాళ్ల మొదటి ఫిర్యాదు స్టీరింగ్ మీదే. పావు చుట్టు తిప్పినా టైరు కదలదు. వెంటనే స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ తిప్పుడును రాడ్ల కదలికగా మార్చే గేర్ పెట్టె) మార్చేద్దామంటారు. బాక్స్ జోలికి చివర్లో వెళ్లండి. విల్లీస్ (జీపులు చేసిన పాత అమెరికన్ కంపెనీ) కాలపు జీపుల్లో బాక్స్ నుంచి డ్రాగ్ లింక్ అనే రాడ్డు, అది కింద మధ్యలో ఇరుసు మీద తిరిగే బెల్ క్రాంక్ అనే ముక్కకి, దాన్నుంచి చక్రాలకి టై రాడ్లు అనే రెండు కడ్డీలు. ఒక్కో కీలు దగ్గర కాస్త కాస్త అరుగుదల ఉన్నా, అన్నీ కలిసి చేతికి అంత లూజు తెలుస్తుంది.

ఏది పోయిందో కనుక్కోవడానికి ఇద్దరు కావాలి. టైర్లు నేల మీదే ఉంచి ఒకరు స్టీరింగ్‌ని అటూ ఇటూ కొద్దిగా ఊపుతుంటే, రెండోవారు ఒక్కో జాయింటునూ చేత్తో చుట్టి పట్టుకోవాలి. రాడ్డు కదిలాక, దాని అవతలి ఆర్మ్ (రాడ్డు తగిలించిన చెయ్యి) కాస్త ఆగి కదిలితే దొంగ అక్కడే ఉన్నట్టు. తర్వాత ముందు చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడుతుంటే ఎవరినైనా బ్రేక్ తొక్కమనండి. ఆట పోతే అది వీల్ బేరింగ్, పోకపోతే కింగ్ పిన్ (చక్రం పక్కకి తిరిగే ఇరుసు) బేరింగ్.

చక్రం లేపినప్పుడు జాకీని నమ్ముకుని కిందకి దూరకండి. స్టాండ్లు పెట్టాలి, ఇటుకలు కాదు. ఈ జీపుల హ్యాండ్‌బ్రేక్ చక్రాలను పట్టదు, వెనక చక్రాలకి శక్తి చేర్చే షాఫ్ట్‌ను పడుతుంది. కాబట్టి వెనక టైర్లకి ముందూ వెనకా చెక్కలు పెట్టాల్సిందే.

సామాన్ల విషయానికొస్తే, పాత ముక్క చేత్తో పట్టుకుని షాపుకి వెళ్లండి. విజయవాడ ఆటోనగర్‌లో అయినా సరే, 'జీపుదే సార్' అన్న మాటకి డబ్బులివ్వొద్దు. అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడివి స్టీరింగ్ ఎడమవైపు ఉండే బండ్లు, బాక్స్, డ్రాప్ ఆర్మ్ (బాక్స్ నుంచి డ్రాగ్ లింక్‌ని కదిపే చెయ్యి) మనకి కుదరకపోవచ్చు. టై రాడ్ ఎండ్లలో (రాడ్డు చివర బిగించే కీలు ముక్కలు) ఎడమ మర, కుడి మర రెండూ ఉంటాయి. ఒకటే రకం రెండు కొనుక్కొచ్చి మధ్యాహ్నమంతా తల పట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

అసలు ప్రమాదం టేపర్ దగ్గర, అంటే ఆర్మ్ రంధ్రంలో బిగుసుకునే, కొసకి సన్నబడే ఎండ్ పిన్ను దగ్గర. నేను బిగించిన కొత్త ఎండ్ ఒకటి నట్టు పూర్తిగా దిగినా కదులుతూనే ఉంది. కింద వాషర్ వేస్తే గట్టిగా కూర్చుంది, సంతోషపడ్డాను. మర్నాడు అనుమానం వచ్చి విప్పి, టేపర్ మీద స్కెచ్ పెన్ రంగు పూసి రంధ్రంలో పెట్టి తిప్పి చూస్తే, రంగు ఒక పక్క మాత్రమే చెరిగింది. రంధ్రమే కోలగా అరిగిపోయింది. అలాంటప్పుడు మార్చాల్సింది ఎండ్ కాదు, ఆర్మ్. వాషర్‌తో సర్దడం, వెల్డింగ్‌తో పూడ్చడం రెండూ వద్దు. టేపర్‌కి గ్రీజు కూడా పూయొద్దు, పొడిగా శుభ్రంగా ఉండాలి. డ్రాప్ ఆర్మ్ విప్పడానికి పుల్లర్ (లాగి ఊడదీసే పనిముట్టు) వాడండి, సుత్తి దెబ్బ బాక్స్ లోపలి దాకా తగులుతుంది.

కాటర్ పిన్ (నట్టు వదులవకుండా అడ్డంగా దూర్చేది) రంధ్రం ఎదురు పడకపోతే నట్టును వెనక్కి తిప్పకండి, ఇంకాస్త బిగించి కలపండి. పిన్ ఎప్పుడూ కొత్తదే. డ్రాగ్ లింక్ రెండు కొసల్లో ఉండే మర మూతలు మాత్రం వేరు. బెల్ క్రాంక్ వైపు పూర్తిగా బిగించి అర చుట్టు, బాక్స్ వైపు ఒక చుట్టు వెనక్కి తిప్పి పిన్ వేయాలి. లోపలి స్ప్రింగులు, గిన్నెలు ఏ వరుసలో ఉన్నాయో విప్పేటప్పుడే ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

ఇవన్నీ అయ్యాకే బాక్స్. డ్రాగ్ లింక్ ఊడదీసి, ఈ కొస నుంచి ఆ కొసకి స్టీరింగ్ ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సరిగ్గా మధ్యకి తెచ్చి అక్కడే స్క్రూతో బిగింపు సర్దాలి. ఈ జీపులకి వచ్చే రాస్ రకం బాక్స్ మధ్యలో బిగుతుగా, చివర్లలో కాస్త వదులుగానే ఉంటుంది. చివర్లో లూజు కనపడిందని స్క్రూ బిగిస్తే మధ్యలో పట్టేసి, మలుపు తిరిగాక స్టీరింగ్ వెనక్కి రాదు. ఆయిల్ కారుతోందని బాక్స్ నిండా గ్రీజు కుక్కే అలవాటు చాలా షెడ్లలో ఉంది. ఆ గ్రీజు పక్కకి తొలిగి అక్కడే ఉండిపోతుంది, రాపిడి పడే చోటుకి అందదు. గేర్ ఆయిలే పోయండి, సీలు మార్పించండి.

మొదటి ట్రయల్ ఖాళీ మైదానంలో, ఫస్ట్ గేర్‌లో. రెండు వైపులా చివరిదాకా తిప్పి, టైరు గానీ రాడ్డు గానీ బ్రేక్ పైపుకి తగులుతుందేమో కిందకి వంగి చూసుకోండి. ముందు చక్రాల టో-ఇన్ (చక్రాలు ముందువైపు కాస్త లోపలికి తిరిగి ఉండే కొలత) కొలిపించాకే రోడ్డెక్కండి. పాడేరు ఘాట్ లాంటి చోటికి బయల్దేరేది ఒకరోజు ఊళ్లో తిప్పి, ప్రతి నట్టునూ పానా పెట్టి మళ్లీ చూసుకున్నాకే.